చలికాలంలో గూడు పెట్టె: దించకండి, సిద్ధం చేయండి

పిట్టలు గుడ్లు పెట్టుకోవడానికి తోటలో తగిలించే చెక్క పెట్టె, అంటే గూడు పెట్టె గురించి అడిగినవి మూడు. పిల్లలు ఎగిరిపోయాక గూడు పెట్టెను దించేయాలా? ఉంచితే లోపల ఏమైనా పరచాలా? గాలి రంధ్రాలు మూయాలా? ముందు పొట్టిగా చెప్పేస్తాను. దించకండి. పాత గూడు తీసి, కడిగి, బాగా ఆరబెట్టి, చలి ముదరకముందే తిరిగి తగిలించండి. అడుగున రెండు సెంటీమీటర్ల మందాన ఎండిన చిత్రిక పొట్టు చాలు. పైకప్పు దగ్గరి సందులు మూయండి, అడుగున నీరు కారే చిల్లులు మాత్రం మూయకండి. ఇలా ఎందుకన్నది, ఎక్కడ తేడా వస్తుందన్నది కాస్త వివరంగా చూద్దాం.

చలి నెలల్లో పెట్టెలోకి వచ్చే పిట్ట గుడ్లు పెట్టడానికి రాదు, రాత్రి తల దాచుకోవడానికి వస్తుంది. సూర్యాస్తమయం అటూ ఇటుగా లోపలికి దూరుతుంది, తెల్లవారుతూనే బయటికి పోతుంది. పగలంతా పెట్టె ఖాళీ. మనం చూసేది పగలే కాబట్టి ‘ఎవరూ రావడం లేదు, దండగ’ అనిపిస్తుంది. చాలామంది పెట్టెలు దించేసేది ఈ పొరపాటు లెక్కతోనే.

ఆ రాత్రి ఆ పిట్టకు ఎంత గడ్డుదో తెలిస్తే మిగతా సలహాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. ఐరోపా తోటల్లో తిరిగే చిన్న పిట్టల్లో బ్లూ టిట్ బరువు సుమారు 11 గ్రాములు, వ్రెన్ 9 నుంచి 10 గ్రాములు, గ్రేట్ టిట్ సుమారు 18 గ్రాములు ఉంటుంది. శరీరం ఎంత చిన్నదైతే బరువుతో పోల్చినప్పుడు ఒంటి ఉపరితలం అంత ఎక్కువ, అందుకే వేడి అంత త్వరగా పోతుంది. పగలు ఒంటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటుంది. బయట గడ్డకట్టే చలి. ఉత్తరాన ఇంగ్లండు వంటి చోట్ల డిసెంబరు రాత్రి 16 గంటల దాకా సాగుతుంది. అంతసేపూ తిండి లేదు. పగలు పోగుచేసుకున్న కొవ్వే ఇంధనం. అది కరిగేసరికి ఒక్క రాత్రిలోనే ఒంటి బరువులో 5 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. ఈకలు ఉబ్బించి, ముక్కును వీపు ఈకల్లో దూర్చి, రొమ్ము కండరాలను వణికిస్తూ అది వేడి పుట్టించుకుంటుంది. ఉత్తర అమెరికాలోని నల్లతల చికడీ అనే చిన్న పిట్ట ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. రాత్రిళ్లు ఒంటి వేడిని పగటి కన్నా సుమారు 10 డిగ్రీలు దిగేలా చేసుకుని కొవ్వు ఆదా చేస్తుంది.

ఈ లెక్కలో పెట్టె చేసే మేలు ఏమిటి? చాలామంది అనుకునేట్టు అది వెచ్చటి గది కాదు. ఒక్క పిట్ట పడుకున్న చెక్క పెట్టెలో గాలి బయటి కన్నా కొద్ది డిగ్రీలే వెచ్చగా ఉంటుంది. అసలు లాభం మూడు వైపుల నుంచి వస్తుంది. ఈకల మధ్య నిలిచిన వెచ్చటి గాలిని చెదరగొట్టే ఈదురుగాలి ఆగుతుంది. వాన, మంచు ఈకలను తడపవు. తడిసిన ఈక చలిని ఆపలేదు. మూడోది జనం తలుచుకోనిది. మబ్బులేని రాత్రి కప్పు లేని చోట కూర్చున్న పిట్ట ఒంటి వేడి నేరుగా ఆకాశంలోకి పోతూ ఉంటుంది, నెత్తిన చెక్క ఉంటే ఆ నష్టం తగ్గిపోతుంది. కాబట్టి చలికాలానికి పెట్టెను సిద్ధం చేయడమంటే దాన్ని వేడెక్కించడం కాదు. పొడిగా ఉంచాలి, గాలి దూరకుండా చూడాలి, ఇరుకుగా ఉంచాలి. వీటిలో ఏది చెడినా మిగతా శ్రమ వృథా.

ఎవరు వస్తారన్నది తెలుసుకుంటే అనవసరపు ఆశలు తగ్గుతాయి. గ్రేట్ టిట్, బ్లూ టిట్ ఒంటరిగా పడుకుంటాయి. ఒక పెట్టెకు ఒక్క పిట్ట, అంతే. పెట్టె అడుగున కూర్చుని బంతిలా ఉబ్బి నిద్రపోతాయి. మంచి పెట్టె కోసం సాయంత్రాలు గొడవలు జరుగుతాయి, ఒడ్డూ పొడుగూ ఉన్న గ్రేట్ టిట్‌దే సాధారణంగా పైచేయి. ఊరపిచ్చుకలు కూడా పెట్టెల్లో రాత్రి గడుపుతాయి, శీతాకాలం ముందే ఈకలు, గడ్డి మోసుకొచ్చి మెత్తటి పడక కూడా వేసుకుంటాయి. పిచ్చుక గడ్డి తెస్తోందని నవంబరులో గుడ్ల కోసం ఎదురుచూడకండి. చెట్టు కాండాల మీద పాకే నట్‌హాచ్ పిట్టలు కూడా తొర్రలూ పెట్టెలూ వాడుకుంటాయి.

గుంపుగా పడుకునేవాటిలో వ్రెన్ వింతైనది. మిగతా రోజుల్లో తన హద్దులోకి ఇంకో వ్రెన్‌ను రానివ్వని పిట్ట ఇది. చలి ముదిరితే మాత్రం ఆ పంతం పక్కనపెట్టి పదులకొద్దీ ఒకే పెట్టెలో దూరుతుంది. 1969 శీతాకాలంలో ఇంగ్లండులోని నార్‌ఫోక్‌లో ఒకే గూడు పెట్టెలో 61 వ్రెన్‌లు ఉన్నట్టు లెక్క నమోదైంది. తలలు మధ్యకు, తోకలు బయటికి పెట్టి, వరసమీద వరసగా సర్దుకుంటాయి. అమెరికాలో తూర్పు బ్లూబర్డ్‌లు కూడా ఇలాగే ఒకే పెట్టెలో గుమిగూడతాయి.

పెట్టె అక్కర్లేని పిట్టలూ ఉన్నాయి. పొడుగు తోక టిట్‌లు కొమ్మ మీద ఒకదాన్నొకటి ఒరుసుకుని వరసగా కూర్చుని రాత్రి గడుపుతాయి. గింజలు తినే ఫించ్ పిట్టలు దట్టమైన సతత హరిత చెట్లలో దాక్కుంటాయి. ట్రీక్రీపర్ పిట్ట బెరడు చీలికల్లో అతుక్కుపోతుంది. మీ తోటకు ఎక్కువగా వచ్చేవి ఇవే అయితే ఇంకో పెట్టె కొట్టే బదులు ఐవీ తీగనో, ఆకు రాల్చని పొదనో పెంచండి, ఎక్కువ మేలు.

ఇక పెట్టె కొలతలు. పలక మందం 15 మి.మీ.కు తగ్గకూడదు, 20 నుంచి 25 ఉంటే చలికి చాలా తేడా కనిపిస్తుంది. పలుచటి ప్లైవుడ్డు రాత్రికి రాత్రే చల్లబడిపోతుంది, రెండు వానలకు పొరలు విడిపోతుంది. లోపలి అడుగు 10 × 10 సెం.మీ. నుంచి 12 × 12 దాకా చాలు. పెద్దదైతే మంచిదనుకుని 20 × 20 కొట్టేవాళ్లున్నారు. ఒంటరి టిట్‌కు అది ఉత్త నష్టం, అంత గాలిని 11 గ్రాముల ఒళ్లు ఏం వేడి చేస్తుంది? వ్రెన్‌ల గుంపు కోసం ప్రత్యేకంగా చేస్తే 15 × 15 దాకా పోవచ్చు. ద్వారం కింది అంచు నుంచి అడుగుకు కనీసం 12.5 సెం.మీ. ఉండాలి, 15 ఉంటే పిల్లి పంజా అందదు. ద్వారం కొలత బ్లూ టిట్‌కు 25 మి.మీ., గ్రేట్ టిట్‌కు 28, ఊరపిచ్చుకకు, నట్‌హాచ్‌కు 32. బ్లూ టిట్‌ను గ్రేట్ టిట్ గెంటేస్తోందనిపిస్తే 25 మి.మీ. చిల్లు ఉన్న రేకు ముక్కను పాత ద్వారం మీద స్క్రూలతో బిగించండి. అంచులు ఆకురాయితో నునుపుగా రుద్దడం మరవకండి, పదును మిగిలితే ఈకలు చిరుగుతాయి.

ముందు పలక లోపలి వైపు నున్నగా చిత్రిక పట్టి ఉంటే ద్వారం కింద ఉలితోనో రంపంతోనో అడ్డంగా 2 మి.మీ. లోతు గీతలు, సెంటీమీటరుకు ఒకటి చొప్పున వేయండి. చలికి నీరసించిన పిట్టకు నున్నటి గోడ ఎక్కడం కష్టం. లోపల రంగు, వార్నీషు, ఏ మందూ పూయొద్దు. బయట నీటితో కలిపే రకం చెక్క రక్షణ పూత వేయొచ్చు, వేశాక వాసన పూర్తిగా పోయేదాకా ఆరనివ్వాలి. ద్వారం బయట కూర్చోవడానికి పుల్ల పెట్టకండి. లోపలికి దూరే పిట్టలకు అది అక్కర్లేదు, దాడి చేసేవాటికి మాత్రం పనికొస్తుంది.

రేకు పెట్టెలు, పలుచటి ప్లాస్టిక్ పెట్టెలు చలికాలానికి పనికిరావు. పిట్ట ఊపిరిలోని తేమ చల్లటి గోడకు తగిలి నీటిబొట్లై కిందికి జారుతుంది, పొద్దున్నకు అడుగు తడి. చెక్క ఆ తేమను పీల్చుకుని పగటిపూట వదిలేస్తుంది. రంపపు పొట్టు, సిమెంటు కలిపి పోసిన పెట్టెలు కూడా ఈ విషయంలో బాగానే ఉంటాయి, బరువు ఎక్కువ కాబట్టి బిగింపు గట్టిగా ఉండాలి.

శుభ్రం చేయడం ఆకురాలు కాలంలో, పిల్లలు వెళ్లిపోయాయని నిర్ధారించుకున్నాక. కొన్ని పిట్టలు ఆలస్యంగా రెండోసారి గుడ్లు పెడతాయి, తొందరపడొద్దు. చేతులకు తొడుగులు, ముఖానికి గుడ్డ కట్టుకోండి, ఎండిన రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. పాత గూడును మొత్తంగా సంచిలోకి జార్చి, మూలలు గీకి, సలసల మరిగే నీళ్లు లోపల అన్ని వైపులా పోయండి. సబ్బు అక్కర్లేదు. పురుగుల మందు చల్లడం అసలే వద్దు, దాని మీద పడుకునేది పిట్టే. తర్వాత మూత తీసి రెండు రోజులైనా ఎండకూ గాలికీ వదలండి. పొదగని గుడ్లు మిగిలి ఉంటే మీ చోటి నియమం చూసుకుని తీయండి, చాలా దేశాల్లో అడవి పక్షుల గుడ్లకు చట్టం రక్షణ ఉంది, కొన్నిచోట్ల తీసే కాలం కూడా నిర్ణయించి ఉంటుంది.

‘పాత గూడు నాచూ ఈకలతో మెత్తగా ఉంది కదా, చలికి అదే ఉంచితే పోలా?’ అనే వాదన తరచూ వినిపిస్తుంది. పొడి నాచు చలిని ఆపుతుందన్న మాట నిజమే. చిక్కు ఎక్కడంటే, ఆ గూడులోనే ఫ్లీలు ఉంటాయి. రెక్కలు లేని, గెంతే, రక్తం పీల్చే పురుగులివి. పొర గూళ్లలో శీతాకాలం గడుపుతూ, వేడి తగిలినా కదలిక తెలిసినా బయటికొస్తాయి. రాత్రి పడుకున్న పిట్ట ఒంటి వేడి వాటికి పిలుపు లాంటిదే. గ్రేట్ టిట్‌లు ఫ్లీలున్న పెట్టెలో పడుకోవడానికి ఇష్టపడవు. రెండో చిక్కు ఎత్తు. పాత గూడు చాలా పెట్టెల్లో అడుగును ఎన్నో సెంటీమీటర్లు పైకి లేపేస్తుంది. ఆ మేరకు పిట్ట ద్వారానికి దగ్గరై గాలికీ పంజాకూ అందుతుంది. నా ఓటు తీసేయడానికే. గూడులో ఎలుక కాపురం పెట్టి ఉంటే దాన్ని వసంతం ముందు వెళ్లగొట్టొచ్చు, నడి చలిలో అక్కర్లేదు. ఇంకో పెట్టె ఉంటే దాన్ని పిట్టలకు వదిలేయండి.

అడుగున పరచడానికి రంపపు పొట్టు వాడకండి, తడిస్తే ముద్దవుతుంది. మందు కొట్టని చెక్క నుంచి వచ్చిన చిత్రిక పొట్టు అన్నిటికన్నా మేలు, ఉంగరాల మధ్య గాలి నిలుస్తుంది, తడి కిందికి దిగిపోతుంది. బాగా ఎండిన మెత్తటి గడ్డి ఫరవాలేదు. కొంచెం చెమ్మ ఉన్నా బూజు పడుతుంది, ఆ బూజు రేణువులు పిట్ట ఊపిరికి ప్రమాదం. దూది, ఉన్ని దారం, గుడ్డపేలికలు తడిని పట్టి ఉంచుతాయి, పోగులు కాళ్లకు చుట్టుకుంటాయి. రెండు సెంటీమీటర్లు మించి పరిస్తే ఎత్తు సమస్య మళ్లీ మొదలవుతుంది.

గాలి రంధ్రాల సంగతి. వేసవిలో పిల్లలున్నప్పుడు పైన సందు కావాలి, చలిలో అదే సందు వెచ్చటి గాలిని బయటికి లాగేస్తుంది. బెండు ముక్కతోనో, ఊలు బట్ట పట్టీతోనో బయటి నుంచి మూయండి, లోపలి నుంచి పెడితే పిట్ట పీకేస్తుంది. ఊపిరాడదేమోనన్న భయం వద్దు, 25 మి.మీ. ద్వారం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అడుగున నాలుగు మూలల్లో 5 మి.మీ. చిల్లులు తెరిచే ఉండాలి, గాలివానకు ద్వారంలోంచి నీళ్లు పడతాయి. మూత సరిగా కూర్చుంటుందో లేదో చూడటానికి ఒక చిట్కా: చీకటిగా ఉన్న గదిలో పెట్టె లోపల టార్చి వెలిగించి మూత వేయండి, వెలుగు ఎక్కడ కనిపిస్తే అక్కడే గాలి దూరుతుంది.

పెట్టె ముఖం ఎటు ఉండాలి? ఉత్తరార్ధగోళంలో ఉత్తరానికి, తూర్పుకు మధ్య పెట్టమని సాధారణంగా చెబుతారు. ఆ సలహా వేసవి ఎండను, వాన గాలిని దృష్టిలో పెట్టుకుని పుట్టింది. చలి రాత్రులకు దిక్కు కన్నా గాలి ముఖ్యం, మీ తోటలో శీతాకాలపు తడి గాలి ఎటునుంచి కొడుతుందో దానికి వీపు తిప్పండి. ఆకు రాల్చే చెట్టు దొరికితే తూర్పు ముఖంగా దానికి కట్టండి. చలిలో ఆకుల్లేని కొమ్మల్లోంచి పొద్దుటెండ పడి పెట్టె ఆరుతుంది, వేసవికి ఆకులే నీడ ఇస్తాయి. ఎత్తు 2 నుంచి 4 మీటర్లు. పెట్టె కొద్దిగా ముందుకు వంగి ఉంటే వాననీరు ద్వారంలోకి జారదు. చెట్టుకు కట్టిన పట్టీని ఏడాదికోసారి వదులు చేయకపోతే కాండంలోకి కోసుకుపోతుంది.

రాత్రి పడక కోసమే చేసిన పెట్టెలు వేరే ఉంటాయి. వాటిలో ద్వారం కింది వైపు ఉంటుంది, వెచ్చటి గాలి పైన నిలుస్తుంది. లోపల 6 నుంచి 10 మి.మీ. మందం పుల్లలను వేర్వేరు ఎత్తుల్లో, ఒకదాని కింద ఒకటి రాకుండా పెడతారు, పై పిట్ట రెట్ట కింది పిట్ట మీద పడకుండా. ఆలోచన బాగుంది, గుంపు కట్టే పిట్టలున్న చోట పని చేస్తుంది. కానీ టిట్‌లు పుల్ల మీద కాక అడుగున పడుకునేవి, పైగా ఒంటరివి. ఆ పెట్టె అడుగు ద్వారం పక్కనే ఉంటుంది కదా! గడ్డితో, పుల్లలతో అల్లిన చిన్న సంచి గూళ్లు వ్రెన్‌లకు నచ్చుతాయి. గోడ తీగల లోపల, వాన తగలనిచోట వేలాడదీయండి. బయట వదిలేస్తే ఒక్క శీతాకాలంలో కుళ్లిపోతాయి.

నిద్రపోతున్న పిట్టను పట్టుకునేవి వీజిల్ (ముంగిసలా సన్నగా ఉండే చిన్న వేట జంతువు), పిల్లి, కొన్నిచోట్ల ఉడుత. వీజిల్ సన్నటి ఒళ్లు 32 మి.మీ. ద్వారంలోంచి కూడా దూరుతుంది. పాకలేని గోడకో, నున్నటి స్తంభానికో పెట్టె బిగించడమే దీనికి మందు. వడ్రంగి పిట్టలు ద్వారాన్ని పెద్దది చేయకుండా చుట్టూ 1 మి.మీ. ఉక్కు రేకు పట్టీ వేయండి. మూతకు మడతబందుతో పాటు కొక్కెం కూడా పెట్టండి, వదులు మూతను ఉడుత ఎత్తేస్తుంది.

పెట్టెలో పిట్ట ఉందో లేదో చూడాలనిపిస్తే రాత్రి మూత తీయకండి. ఇదే అన్నిటికన్నా పెద్ద తప్పు. చీకట్లో లేచిపోయిన పిట్టకు ఇంకో చోటు దొరకదు, ఆ రాత్రి అది తెల్లవారేదాకా బతుకుతుందన్న హామీ లేదు. సూర్యాస్తమయానికి అరగంట ముందు, పది మీటర్ల దూరంలో కదలకుండా నిలబడండి, చీకటి పడేలోపు తెలిసిపోతుంది. మధ్యాహ్నం మూత తీసి రెట్ట చూసినా సరే. ఒక్క పిట్టదైతే ఒక మూలన పోగై ఉంటుంది, గుంపుదైతే అడుగంతా పరుచుకుంటుంది. మూడు వారాలకోసారి చూసి తడిసిన పొట్టు మారిస్తే చాలు. కెమెరా పెడితే 940 నానోమీటర్ల పరారుణ దీపాలున్నది ఎంచుకోండి, ఎర్రటి మెరుపు కనిపించదు. వైరు దూర్చిన చిల్లును మైనంతో మూయండి. తోటలో రాత్రంతా వెలిగే దీపం పెట్టె మీద పడకూడదు, వెలుగు పిట్టల నిద్ర చెడగొడుతుంది. పెట్టెలో బల్బు, వేడి పలక, వేడినీళ్ల సీసా వంటి ప్రయోగాలు వద్దు. కరెంటు పోయిన రాత్రి వేడికి అలవాటుపడ్డ పిట్ట గతి ఏమిటన్నది ఒక్కటి ఆలోచిస్తే చాలు.

తిండిని పెట్టెలో పెట్టకండి, ఎలుకలు వస్తాయి, ఇతర పిట్టలు గొడవ చేస్తాయి. దూరంగా, కొవ్వు ఎక్కువున్నవి పెట్టండి: పొట్టు తీసిన పొద్దుతిరుగుడు గింజలు, ఉప్పు లేని వేరుశనగ, పశువుల కొవ్వు ముద్ద. తెల్లవారగానే ఒకసారి, చీకటికి గంటన్నర ముందు ఇంకోసారి నిండుగా ఉండాలి. పిట్ట రాత్రికి కొవ్వు పోగుచేసుకునేది ఆ చివరి గంటల్లోనే. గడ్డకట్టని నీళ్లు కూడా కావాలి.

ఎముకలు కొరికే చలి తర్వాత పెట్టెలో చచ్చిన పిట్ట కనిపించవచ్చు. అది పెట్టె తప్పు కాకపోవచ్చు, నీరసించినదే అక్కడికి చేరి ఉంటుంది. తొడుగులతో తీసి, పొట్టు మొత్తం మార్చి, మరిగే నీళ్లు పోసి ఆరబెట్టండి. వారం రోజుల్లో ఇంకోటి చచ్చి కనిపిస్తే జబ్బని అనుమానించి తిండి పెట్టడం ఆపేయండి, పాత్రలు కడగండి.

కొత్త పెట్టె మొదటి శీతాకాలంలో ఖాళీగా ఉండటం మామూలే. ఆకురాలు కాలం మొదట్లో పెడితే పిట్టలు పగటి తిరుగుళ్లలో దాన్ని గుర్తుపెట్టుకుంటాయి, నడి చలిలో పెడితే కనుక్కునే తీరిక వాటికి ఉండదు. రాత్రి పడుకున్న పిట్టే వసంతంలో అక్కడ గుడ్లు పెడుతుందన్న నియమమూ లేదు. చలి చివర్లో ఎండ కాసిన రోజున జంటలు ద్వారంలోకి తొంగిచూడటం మొదలవుతుంది. అవి నాచు మోసుకురాకముందే ఒక మధ్యాహ్నం పొట్టు, రెట్ట ఊడ్చేసి, పైన మూసిన సందు తెరవండి. మూలన ఒకట్రెండు నాచు పోగులు కనిపిస్తే ఆలస్యమైనట్టే, మూత అలాగే వేసి బెండు ముక్కను మాత్రం బయటి నుంచి లాగేయండి.